జాగృతికి అర్థమయ్యేలా

మీరు ఎప్పుడైనా ఏలూరులో మా కార్పొరేషన్ భవనానికి వచ్చి ఉంటే నా రచనలు చదివే ఉంటారు. 'ఈ లిఫ్టునందు ఆరుగురికి మించి ప్రయాణించరాదు' అన్నది నాదే. 'గోడలపై ఉమ్మివేయరాదు' కూడా నాదేనని చాలామంది అనుకుంటారు గానీ, అది నాకు ముందున్నాయనది. నేను అందులో 'దయచేసి' మాత్రం చేర్చాను.

పేరు కాళ్ళకూరి సుదర్శనం. ఉద్యోగం భాషా విభాగం అధికారి. విభాగంలో అధికారినీ నేనే, మిగతా సిబ్బందీ నేనే.

మాది ప్రజాసేవల సర్వర్ల కార్పొరేషన్. రేషను దుకాణంలో వేలిముద్ర వేసినప్పుడు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టబోతున్నప్పుడు, "సర్వర్ డౌన్ అండి, రేపు రండి" అంటారే, అలా డౌన్ అయ్యే సర్వర్లు ఉండేది మా దగ్గరే. కింది అంతస్తులో ఏసీ గదిలో ఉంటాయి. మా భవనంలో ఏసీ పనిచేసేది వాటికీ, డైరెక్టరు గారికీ.

డైరెక్టరు నందివాడ ప్రభంజన్ గారు ఒక సదస్సుకి బెంగళూరు వెళ్ళొచ్చారు. అక్కడ ఇచ్చిన సంచీ భుజాన వేసుకునే మీటింగుకి వచ్చి, ఇలా సెలవిచ్చారు:

"ఇకమీదట మన సర్వర్లకు కాపలా కాసేది మనుషులు కాదు. కృత్రిమ మేధ. రాత్రీ పగలూ నిద్రపోదు, సెలవడగదు, యూనియన్ పెట్టదు. దాని పేరు జాగృతి. పేరు నేనే పెట్టాను."

అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక, సర్వర్ల ఇంజనీరు మెహరున్నీసా లేచింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మీటింగుల్లో ప్రశ్నలు అడుగుతుంది కాబట్టి పదోన్నతి ఆగిపోయిన మనిషి.

"సర్, జాగృతికి కళ్ళూ చేతులూ ఉండవు. మన దగ్గరున్న పరికరాలతోనే అది సర్వర్లను చూడాలి, వాటితోనే బాగుచెయ్యాలి. ఒక్కో పరికరం ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో మనం రాసిచ్చిందే దానికి తెలుస్తుంది. మనం రాయనిది దానికి లేనట్టే. కాబట్టి ఆ వివరణ పత్రం చాలా జాగ్రత్తగా రాయాలి."

"రాయడమే కదా," అన్నారు డైరెక్టరు గారు. అందరూ నా వైపు చూశారు.

పరికరాలంటే సుత్తీ స్క్రూడ్రైవరూ కావు. కంప్యూటర్లోనే ఉండే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒకటి సర్వర్లో ఎంత జాగా మిగిలిందో చెబుతుంది. ఒకటి ఎందుకు నెమ్మదిగా ఉందో చూస్తుంది. ఒకటి సర్వరును ఆపి మళ్ళీ లేపుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. రాయడానికి ముందు తెలుసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎప్పుడూ అలాంటి అవసరం పడలేదు.

వారం రోజులు కష్టపడి రాశాను. ఆపి మళ్ళీ లేపే పరికరం గురించి నేను రాసింది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: 'సర్వరు అస్వస్థతకు లోనైన యెడల, సదరు పరికరమును ఉపశమనార్థము, పరిస్థితులను బట్టి, తగు రీతిన వినియోగించవలెను.' ఇంట్లో చదివి వినిపిస్తే నా భార్య విశాలాక్షి, "బాగుంది, ఏదైనా మందు గురించా?" అంది.

జాగృతిని పనిలో పెట్టిన రోజే విశాలాక్షి తమ్ముడు ఊరి బయట కొనుక్కున్న స్థలం రిజిస్ట్రేషను. ముహూర్తం పెట్టించుకుని మరీ వెళ్ళాడు. మంచిరోజు కదా, జిల్లాలో సగం మంది ఆ ముహూర్తానికే వచ్చారు. అంతమంది ఒకేసారి వస్తే రిజిస్ట్రేషన్ల సర్వరు కాస్త నెమ్మదించింది. నెమ్మదించడం అస్వస్థత అవునో కాదో నేను రాయలేదు. జాగృతి అవుననుకుంది. ఉపశమనం కోసం సర్వరును ఆపి మళ్ళీ లేపింది. లేవగానే జనమంతా మళ్ళీ ఒకేసారి మీద పడ్డారు, మళ్ళీ నెమ్మదించింది. మళ్ళీ ఉపశమనం. ముహూర్తం దాటిపోయేదాకా అలా ఉపశమనం కలిగిస్తూనే ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి బావమరిది సోఫాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి టీవీ సౌండు పెంచాడు. విశాలాక్షి కాఫీ తెచ్చి వాడికిచ్చి, నాకు మంచినీళ్ళిచ్చింది.

"సర్వర్ డౌన్ అన్నారట," అంది.

"డౌన్ కాలేదు. పునఃప్రారంభ ప్రక్రియలో ఉంది."

"లైన్లో వాళ్ళు మీ ఆఫీసుని ఏమన్నారో వీడు నాకు చెప్పాడు. మీకు చెప్పలేను."

మర్నాడు మెహరున్నీసా నా గదికొచ్చింది. ఆ పత్రం అచ్చు తీసి తెచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సుదర్శనం గారూ, 'పరిస్థితులను బట్టి' అన్నారు. ఏ పరిస్థితులు?"

"అంటే... ఆయా పరిస్థితులు."

"'తగు రీతిన' అంటే?"

ఆలోచించాను. నా జీవితంలో కొన్ని వేలసార్లు రాసిన మాట. దానికి అర్థం ఎవరూ అడగలేదు.

"అమ్మా, అది అర్థం కోసం రాసేది కాదు," అన్నాను. "రేపేదైనా తేడా వస్తే మన మీదికి రాకుండా ఉండటానికి రాసేది."

"మనుషులైతే చదివి వదిలేస్తారండి. జాగృతి వదిలెయ్యదు. రాసింది రాసినట్టు చేస్తుంది," అంది. "ఇలా అనుకోండి. ఈ రోజే చేరిన మనిషి. తెలివైన మనిషే. కానీ మన ఆఫీసు సంగతులు ఒక్కటీ తెలియవు. పక్కన అడగడానికి ఎవరూ లేరు. ఆ మనిషికి తాళాలన్నీ ఇచ్చేసి మీరు ఊరెళ్ళిపోతున్నారు. ఏం రాసిపెట్టి వెళ్తారు?"

ఆ రోజు నుంచి ఇద్దరం కింది గదిలో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి, ఆమె కొట్టేసేది. ప్రతి పరికరానికీ నాలుగే ప్రశ్నలు: ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, తప్పుగా వాడితే ఏమవుతుంది. చిన్న వాక్యాలు రాయాలి. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. మొదట్లో నాకు ఒళ్ళంతా చలేసినట్టుండేది. 'ఇది సర్వరును ఆపి మళ్ళీ లేపుతుంది. ఆగినంతసేపూ జనం పని జరగదు. నెమ్మదిగా ఉందని మాత్రమే దీన్ని వాడవద్దు. పగటిపూట వాడాలంటే డైరెక్టరు అనుమతి తీసుకో.' ఇంత బోడి వాక్యాలు నా పేరు మీద బయటికెళ్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

రాస్తుంటే వింతలు బయటపడ్డాయి. 'తనిఖీ' అని పేరున్న పరికరం తనిఖీ చెయ్యదు, పాత ఫైళ్ళను చెరిపేస్తుంది. 'తనిఖీ కొత్తది' అన్నది దేన్నీ చెరపదు, దేన్నీ తనిఖీ కూడా చెయ్యదు. రాసినతను మధ్యలో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడట.

చివరగా బోర్డు దగ్గరికొచ్చాం. మా భవనంలో అడుగుపెట్టగానే ఎదురుగా కనపడే పెద్ద తెర అది. జిల్లాకో దీపం, సేవకో దీపం, అన్నీ పచ్చగా వెలుగుతుంటాయి. వచ్చిన ప్రతి అతిథీ దాని ముందు ఫొటో దిగుతాడు. నేను కూడా రెండుసార్లు దిగాను.

"దీనికేం రాయాలి?" అన్నాను. "'సర్వర్ల స్థితి చూపిస్తుంది' అననా?"

"చూపించదు," అంది మెహరున్నీసా.

"మరి?"

"ఇంతకుముందున్న డైరెక్టరు గారి హయాంలో ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారంటే రెండు దీపాలు ఎర్రగా ఉన్నాయి. బాగుచెయ్యడానికి టైము లేదు. బోర్డుని సర్వర్ల నుంచి విడదీసి పచ్చగా పెట్టేశారు. తర్వాత కలపమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడది దేనికీ కలిపిలేదు."

నేను చాలాసేపు ఆ బోర్డునే చూశాను. ఆమె నా వైపు చూస్తోంది. ఏదో ఒక మబ్బు వాక్యం రాసి తప్పించుకుందామని నిజంగానే అనిపించింది. 'సదరు బోర్డు సూచనాత్మకమైనది మాత్రమే' అని పెన్ను మీదికొచ్చేసింది కూడా. కానీ బావమరిది ముఖం గుర్తొచ్చింది. ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు.

'ఈ బోర్డు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఏ సర్వరుకీ కలిపిలేదు. దీన్ని నమ్మవద్దు,' అని రాశాను. ఆ ఊపులోనే పత్రం చివర ఇంకొక్క వాక్యం నా సొంతంగా చేర్చాను: 'ఎవరైనా చెప్పింది అర్థం కాకపోతే ఊహించవద్దు. అర్థమయ్యేదాకా అడుగు.' ఆ వాక్యం రాసినందుకు మెహరున్నీసా నాకు టీ తెప్పించింది.

డైరెక్టరు గారు పత్రం మీద సంతకం చేశారు. చదవలేదు. ఆయన చదవరన్న ధైర్యంతోనే మేము పంపాం.

ఆ తర్వాత నిజంగానే అంతా బాగుపడింది. రిజిస్ట్రేషన్లు ఆగడం మానేశాయి. రేషను దుకాణాల్లో వేలిముద్రలు మొదటిసారికే పడుతున్నాయని పేపర్లో చిన్న వార్త వచ్చింది. బావమరిది ఇంకో ముహూర్తానికి స్థలం రిజిస్టరు చేయించుకుని స్వీట్లు తెచ్చాడు. ఒకటి నాకు కూడా ఇచ్చాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ డైరెక్టరు గారికి ఉత్సాహం వచ్చింది. ఉత్తర్వు వేశారు: 'స్పష్టతా మహోద్యమంలో భాగంగా, కార్పొరేషనులోని సమస్త విభాగములు, కమిటీలు, పదవులకు సంబంధించిన వివరణలను జాగృతికి అర్థమగు రీతిలో తిరగరాయవలెను. ఫైళ్ళ నడకను సైతం జాగృతికి అప్పగించడమైనది.' రాయవలసింది నేనే.

బల్లబల్లకీ తిరిగాను. చేతిలో ఒక పుస్తకం, అందులో ఆ నాలుగు ప్రశ్నలు. పరికరాలను అడిగినట్టే మనుషులనూ అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నేను గొప్ప వచన రచయితనైపోయానని నా నమ్మకం. అద్దంలో చూసుకుని జుట్టు కూడా వేరేగా దువ్వాను.

కొనుగోళ్ళ కమిటీ కార్యదర్శిని, "మీ కమిటీ ఏం చేస్తుంది?" అని అడిగాను.

"సమీక్షిస్తుంది."

"దేన్ని?"

"ఉపసంఘం సమీక్షని."

"ఉపసంఘం ఏం చేస్తుంది?"

"మేము సమీక్షించడానికి వీలుగా సమీక్షిస్తుంది."

రాసుకున్నాను. జాయింటు డైరెక్టరు గారి దగ్గర ఆయన గుమాస్తాలు చెప్పిందే రాసుకున్నాను: 'ఈ అధికారికి ఫైలు పంపితే కొన్నాళ్ళకు అదే ఫైలు తిరిగి వస్తుంది. ఫైలులో మార్పు ఉండదు. అత్యవసరమైతే వాడవద్దు.' ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుకి రాసింది ఇంకాస్త పొడుగు, దాన్ని ఇక్కడ చెప్పను, వాళ్ళతో నాకు పెన్షను పని ఉంది.

ఆఖర్న నా పదవి మిగిలింది. ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఎన్ని రకాలుగా రాసినా చివరికి తేలింది ఇంతే: 'భాషా విభాగం అధికారి: ఏ వాక్యమైనా ఇతనికి ఇస్తే పొడుగు పెరుగుతుంది. అర్థం తగ్గుతుంది. తొందర పని ఉంటే ఇతని గది దాటి వెళ్ళాలి.' చదువుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను. కానీ ఎక్కడా అబద్ధం కనపడలేదు.

జాగృతి ఆ వివరణలన్నీ చదివి పనిలోకి దిగింది. అత్యవసరం అని రాసున్న ఫైలు ఏదీ జాయింటు డైరెక్టరు గారి గదికి వెళ్ళలేదు. మా ఆఫీసులో ప్రతి ఫైలు మీదా అత్యవసరం అనే రాసి ఉంటుంది. పదిరోజులకి ఆయన బల్ల ఖాళీ అయిపోయింది. ఖాళీ బల్ల ముందు కూర్చోలేక ఆయన గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి నా గదిలోకి వచ్చారు.

"సుదర్శనం గారూ, మీకూ నాకూ గొడవలేం లేవు కదా," అన్నారు.

"లేవు సార్."

"మా అమ్మాయి పెళ్ళికి మిమ్మల్ని పిలిచాను కదా."

"పిలిచారు సార్. భోజనం చాలా బాగుంది."

"మరి నా గురించి ఏం రాశారయ్యా మీరు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి క్యాంటీనులో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. మెహరున్నీసా ఒక్కతే వచ్చి కూర్చునేది. "నేను చెప్పింది సర్వర్ల వరకే అండీ," అంది ఒకసారి. నిజమే. మనుషుల సంగతి నా సొంత ప్రతిభ.

ఇలా ఉండగా మా శాఖ కార్యదర్శి గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. గోడలకు రంగులు వేశారు. డైరెక్టరు గారు ఉదయం నుంచీ ఫోను ఆపేసి ఏర్పాట్లలో ఉన్నారు. కార్యదర్శి గారు పొట్టిగా, కళ్ళజోడుతో, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడ లోపలికి రాగానే బోర్డు ముందు నిలబెట్టారు.

"మేడమ్, ఇదీ మన స్థితి," అన్నారు డైరెక్టరు గారు. "అంతా పచ్చదనమే. ఇక జాగృతి మాటల్లోనే వినండి." జాగృతి మాట్లాడటానికని గోడకు కొత్తగా పెట్టించిన స్పీకరు వైపు తిరిగారు. "జాగృతీ, మన సర్వర్లు ఎలా ఉన్నాయి?"

"రిజిస్ట్రేషన్ల సర్వరు బాగుంది. ధ్రువపత్రాల సర్వరు బాగుంది. రేషను సర్వరు పొద్దుటి నుంచి పనిచేయడం లేదు," అంది జాగృతి.

డైరెక్టరు గారు నవ్వారు. "బోర్డు మీద పచ్చగా ఉంది కదమ్మా."

"బోర్డు ఏ సర్వరుకీ కలిపిలేదు. దాన్ని నమ్మవద్దని నాకిచ్చిన పత్రంలో ఉంది. మీ సంతకం ఉంది."

కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బోర్డును చూశారు. "ఆ పత్రం రాసిందెవరు?"

"మా భాషా అధికారి మేడమ్," అన్నారు డైరెక్టరు గారు. "సందర్భం ఏమిటో ఆయనే వివరిస్తారు." ఆ 'వివరిస్తారు' అన్నప్పుడు నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ చూపు మీదే నా జీతం నడిచింది. విషయం కనపడకుండా మాటల పొగ పెట్టమని అర్థం.

పెట్టాను. "మేడమ్, సదరు బోర్డు యొక్క ప్రాతినిధ్య స్వభావాన్ని సమగ్ర దృక్పథంతో పరిశీలించినట్లయితే, వాస్తవ స్థితికీ, ప్రదర్శిత స్థితికీ నడుమ తాత్కాలికంగా ఏర్పడిన సాంకేతిక అంతరాన్ని..."

"క్షమించండి," అంది జాగృతి. "నాకు అర్థం కాలేదు. రేషను సర్వరు పనిచేస్తోందని అంటున్నారా, చేయడం లేదని అంటున్నారా?"

నేను మళ్ళీ మొదలుపెట్టాను. అది మళ్ళీ అడిగింది. అంతే మర్యాదగా, అవే మాటలతో. విసుక్కోదు. అర్థమయ్యేదాకా అడగమని దానికి రాసిచ్చింది నేనే. గదిలో అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. మెహరున్నీసా వెనక వరసలో తలొంచుకుని నిలబడి ఉంది.

"చేయడం లేదు," అన్నాను.

మాట చాలా చిన్నగా వచ్చింది. అయినా అందరికీ వినపడింది.

"ధన్యవాదాలు," అంది జాగృతి. "సర్వరును ఆపి మళ్ళీ లేపితే పనిచేస్తుంది. పగలు కాబట్టి డైరెక్టరు గారి అనుమతి కావాలి. పొద్దుటి నుంచి అడుగుతున్నాను. ఆయన ఫోను ఆపి ఉంది."

డైరెక్టరు గారు, "ఆ విషయాన్ని సానుకూలంగా..." అని మొదలుపెట్టి, స్పీకరు వైపు చూసి ఆగిపోయారు. "సరే," అన్నారు.

కాసేపట్లో రేషను సర్వరు లేచింది. బోర్డులో మాత్రం ఏ మార్పూ లేదు. ముందూ పచ్చే, తర్వాతా పచ్చే.

కార్యదర్శి గారు మాలో ఎవరినీ ఏమీ అనలేదు. కారెక్కుతూ, "దీని మీద ఒక కమిటీ వెయ్యండి," అన్నారు. వేశారు. అధ్యక్షులు జాయింటు డైరెక్టరు గారు. ఆయన బల్ల మీదికి ఇన్నాళ్ళకు ఒక ఫైలొచ్చింది. ఈసారి మాత్రం అది త్వరగానే తిరిగొచ్చింది. సంఘటనకు కారణం 'అవసరానికి మించిన స్పష్టత' అని తేల్చారు. ఇకపై జాగృతి సర్వర్లను చూడనక్కర్లేదు, బోర్డును చూస్తే చాలు. అది పచ్చగా ఉందో లేదో గంటగంటకీ నివేదిక ఇవ్వాలి. ఆ ఏర్పాటు మొదలైనప్పటి నుంచీ జాగృతి నివేదికల్లో ఒక్క లోపమూ లేదు. డైరెక్టరు గారికి దాని మీద ఏదో పురస్కారం కూడా వచ్చింది. సర్వర్లను మళ్ళీ మెహరున్నీసాయే చూసుకుంటోంది, పగలూ రాత్రీ.

నన్ను ఫిర్యాదుల విభాగానికి బదిలీ చేశారు. విభాగం అంటే మెట్ల కింద ఒక బల్లా, ఫోనూ. ఫోనెత్తి ఏం చెప్పాలో ఒక అట్ట మీద అతికించి ఉంది: 'తమ ఫిర్యాదు స్వీకరించబడినది. సంబంధిత విభాగమునకు నివేదించబడును. సహకరింపగలరు.' శైలి చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిదేళ్ళ కిందట నేను రాసిందే.

ఇంట్లో చెబితే విశాలాక్షి, "జీతం తగ్గించారా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే తినండి," అంది.

చేరిన రోజు పొద్దున్నే ఫోను మోగింది. ఒకావిడ. చింతలపూడి అవతల ఏదో ఊరట. వెనకాల చాలామంది మాటలు వినపడుతున్నాయి.

"బాబూ, రేషను కొట్టు దగ్గర నుంచి. మిషను వేలిముద్ర తీసుకోట్లేదు. మీ నంబరు ఇక్కడ గోడ మీద ఉంటే చేశాను."

"తమ ఫిర్యాదు స్వీకరించబడినది," అన్నాను.

"అంటే బియ్యం వస్తయ్యా, రావా?"

"సంబంధిత విభాగమునకు..."

"అయ్యా, నాకా మాటలు తెలీవు," అంది. కోపంగా కాదు, అలసటగా. "మిరపకోతకి ఆటో వచ్చి నిలబడింది. ఎక్కితే కూలి దొరుకుద్ది, బియ్యం పోతయ్యేమో. ఇక్కడే నిలబడితే కూలి పోద్ది. ఎక్కమంటావా, ఉండమంటావా? అదొక్కటి చెప్పు."

"ఒక్క నిమిషం ఉండమ్మా," అని నా సెల్లులో మెహరున్నీసాకి చేశాను. డిస్కు కాలిపోయిందనీ, కొత్తది విజయవాడ నుంచి వస్తోందనీ, రాత్రికి బిగిస్తాననీ చెప్పింది. రేపు పొద్దుటికి కచ్చితంగా పనిచేస్తుందా అని అడిగాను. చేస్తుందంది.

"అమ్మా, ఈ రోజు బియ్యం రావు," అన్నాను. "ఆటో ఎక్కండి. రేపు పొద్దున రండి, పనిచేస్తుంది."

ఆవిడ వెనకాల వాళ్ళని అరవొద్దంది. తర్వాత, "ఆగు, అందరికీ వినపడేట్టు పెడతా. మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. ఎవరో మగమనిషి అడిగాడు, "రేపటికి బియ్యం అయిపోతయ్యేమో సార్?"

"నాకు తెలియదు," అన్నాను. ఆఫీసు ఫోనులో ఆ మాట అనడం నాకు అదే మొదలు. "డీలరుకి ఫోనివ్వండి, అడుగుతాను."

డీలరుని అడిగాను. లారీ నిన్ననే వచ్చిందట, నెలంతా ఇచ్చినా మిగులుతాయట. అదే మాట వాళ్ళకి చెప్పాను.

సంచులు దులిపి మడుస్తున్న చప్పుడు వినపడింది. ఎవరో ఆటో వాణ్ణి ఆగమని కేకేస్తున్నారు. ఇంకెవరో పిల్లని తొందరపెడుతున్నారు. ఆవిడ ఫోను పెట్టెయ్యడం మర్చిపోయినట్టుంది. జేబులోనో సంచిలోనో వేసుకుని ఎక్కేసింది. ఆటో కదిలింది, ఆడవాళ్ళు ఏదో అనుకుని నవ్వారు.

ఆ చప్పుడు వింటూ కాసేపు కూర్చుని, తర్వాత నేనే పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది.